రెండు ఒడ్లకూ ఒకే న్యాయం

విశాఖపట్నంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉపకులపతి గారికి, కుప్పంలోని ద్రావిడ విశ్వవిద్యాలయం ఉపకులపతి గారికి బహిరంగ లేఖ

హార్స్లీ హిల్స్



దేశాల మధ్య సంబంధాలను నడిపే ఒప్పందాలను, ఆచారాలను, న్యాయస్థానాల నిర్ణయాలను అధ్యయనం చేసేది అంతర్జాతీయ న్యాయం. ఒకే రకమైన చిక్కును వేర్వేరు దేశాల చట్టాలు ఎలా విప్పాయో పక్కపక్కన పెట్టి పరిశీలించేది తులనాత్మక న్యాయం. న్యాయ విద్యాసంస్థల్లో ఈ రెండింటి చుట్టూ జరిగే పనులకు, అంటే మూట్ కోర్టు పోటీలకు, విదేశీ విశ్వవిద్యాలయాలతో విద్యార్థుల మార్పిడికి, పరిశోధన పత్రికలకు, వేసవి తరగతులకు, ఉపన్యాసాలకు ఇటీవలి దశాబ్దాల్లో ప్రాధాన్యం బాగా పెరిగింది. ఆ పనుల విలువను ఏమాత్రం తగ్గించకుండానే, వాటికి కావలసిన అసలైన అధ్యయన సామగ్రి మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతంలోనే సమృద్ధిగా ఉన్నదనీ, దాని ఆధారంగా రెండు విశ్వవిద్యాలయాలూ కలిసి హార్స్లీ హిల్స్‌పై ఏటా ఒక అధ్యయన శిబిరం నిర్వహించాలనీ ఈ లేఖ తమకు విన్నవిస్తున్నది.

మూట్ కోర్టు అంటే ఒక వివాదాన్ని తీసుకొని విద్యార్థులు రెండు పక్షాలుగా చేరి, న్యాయమూర్తుల స్థానంలో కూర్చున్న పెద్దల ఎదుట వాదించే అభ్యాసం. 1960లో మొదలైన ఫిలిప్ సి. జెసప్ పోటీలో రెండు ఊహాజనిత దేశాలు హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి ఎక్కినట్టుగా సమస్యను కూరుస్తారు; 1990ల నుంచి వియన్నాలో జరుగుతున్న విల్లెమ్ సి. విస్ పోటీలో దేశాంతర వర్తక వివాదాల మధ్యవర్తిత్వం అంశంగా ఉంటుంది. ఈ పోటీల్లో ప్రతి జట్టూ ఒకసారి వాది పక్షాన, మరొకసారి ప్రతివాది పక్షాన వాదించి తీరాలి. వాటిలో లభించే శిక్షణ అంతటికీ ఈ నియమమే ప్రాణం. అయితే ఊహాజనిత దేశాల తగాదాలో పక్షం మార్చుకోవడానికి విద్యార్థి పెద్దగా పోగొట్టుకునేది ఏమీ లేదు. సొంత ప్రాంతపు చెరువు, సొంత మండలపు కాలువ, సొంత సమాజంలోని కుటుంబం వివాదాంశమైనప్పుడు అవతలి ఒడ్డున నిలబడి, అక్కడివారి వాదనను వారికంటే గట్టిగా వినిపించగలగడం మాత్రం కష్టమైన పని. ఆ కష్టమైన పనికి తగిన వివాదాలు ఈ ప్రాంతంలో ఉన్నాయి.

వాటిలో మొదటిది పాలారు. కర్ణాటకలో నంది కొండల ప్రాంతంలో పుట్టిన ఈ నది ఆ రాష్ట్రంలో 93 కిలోమీటర్లు, కుప్పం ప్రాంతం మీదుగా ఆంధ్రప్రదేశ్‌లో 33 కిలోమీటర్లు, తమిళనాడులో 222 కిలోమీటర్లు పారి, చెన్నైకి దక్షిణాన వాయలూరు వద్ద బంగాళాఖాతంలో కలుస్తుంది. మొత్తం 348 కిలోమీటర్ల ప్రవాహంలో ఆంధ్రప్రదేశ్ వాటా పదో వంతు కన్నా తక్కువే అయినా, ఆ చిన్న భాగంపైనే పెద్ద న్యాయ వివాదం నిలిచి ఉన్నది. వానాకాలంలో కొద్ది రోజులు తప్ప పాలారులో పైకి కనిపించే నీరు అరుదు. ఇసుక కింద నిలిచే నీటిపైనా, నదిని ఆనుకున్న చెరువులు, బావులపైనా ఆంధ్రప్రదేశ్, తమిళనాడు రైతులు ఆధారపడి ఉన్నందున, ఎగువన కట్టే ప్రతి చెక్‌డ్యామూ దిగువన అనుమానానికి కారణమవుతున్నది.

ఈ వివాదానికి మూలపత్రం 1892 ఫిబ్రవరి 18 నాటి ఒప్పందం. మద్రాసు ప్రభుత్వానికీ, మైసూరు సంస్థానానికీ మధ్య కుదిరిన ఆ ఒప్పందం తుంగభద్ర, కావేరి, పెన్న, చిత్రావతి, పాపాఘ్ని, పాలారు మొదలైన 15 నదులను ఒక పట్టికలో చేర్చి, వాటిపై మైసూరు కొత్త సాగునీటి కట్టడం ఏది చేపట్టదలచినా ముందుగా మద్రాసు అనుమతి పొందాలని నిర్దేశించింది. దిగువన అప్పటికే ఏర్పడి అనుభవంలో ఉన్న హక్కుల రక్షణకు తప్ప, మరో కారణంతో ఆ అనుమతిని నిరాకరించరాదని మద్రాసుపైనా ఒక హద్దు పెట్టింది. ఒక వైపు బ్రిటిష్ పాలనలోని ప్రెసిడెన్సీ, మరొక వైపు అదే ప్రభుత్వపు ఆధిపత్యాన్ని అంగీకరించిన సంస్థానం ఉన్న ఈ పత్రం రెండు స్వతంత్ర దేశాల ఒడంబడిక కాదు, ఒకే రాజ్యాంగం కింద ఉన్న రెండు రాష్ట్రాల ఏర్పాటూ కాదు. అసమాన బలం గల పక్షాల మధ్య కుదిరిన మాట తరువాతి తరాలను ఎంతవరకు కట్టివేస్తుందన్న ప్రశ్న అంతర్జాతీయ న్యాయంలో ప్రసిద్ధమైనది. దానికి ఇంత దగ్గరి ఉదాహరణ తెలుగు విద్యార్థికి మరొకటి దొరకదు.

కుప్పం సమీపంలోని గణేశపురం వద్ద పాలారుపై ఆనకట్ట కట్టాలని ఆంధ్రప్రదేశ్ తలపెట్టినప్పుడు, 2006లో తమిళనాడు సుప్రీంకోర్టును ఆశ్రయించింది. రాజ్యాంగంలోని 131వ అధికరణం రాష్ట్రాల మధ్య తగవులను నేరుగా సుప్రీంకోర్టులో దావాగా వేసే వీలు కల్పిస్తున్నది. 1892 ఒప్పందం ప్రకారం ఎగువ రాష్ట్రం దిగువ రాష్ట్రపు ముందస్తు అనుమతి పొందాలన్నది తమిళనాడు వాదన. ఇక్కడ ఒక అరుదైన చిక్కు ఉన్నది. 1892లో కుప్పం మైసూరులో లేదు, మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్నది. అప్పటి ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల నుంచి తీసిన తాలూకాలతో 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించినప్పుడు ఆ జిల్లా ఇటు వచ్చింది. ఒప్పందం నాడు రక్షణ పొందే పక్షంలో ఉన్న నేల, రాష్ట్ర విభజన తరువాత బాధ్యత మోయవలసిన పక్షంలోకి మారుతుందా అన్నది దీనివల్ల తలెత్తే ప్రశ్న. ఒక రాజ్యం చీలినప్పుడు పాత ఒప్పందాల హక్కులూ బాధ్యతలూ ఎవరికి సంక్రమిస్తాయో చెప్పే శాఖను రాజ్య వారసత్వ న్యాయం అంటారు. 1978లో వియన్నాలో ఆమోదం పొందిన ఒక అంతర్జాతీయ ఒడంబడిక ఆ విషయానికే కేటాయించబడింది. ఆఫ్రికా, తూర్పు ఐరోపా దేశాల ఉదాహరణలతో సాగే ఆ పాఠాన్ని కుప్పంతో మొదలుపెట్టడానికి అడ్డేమీ లేదు.

పాలారు దగ్గర ఎగువ రాష్ట్రమైన ఆంధ్రప్రదేశ్ కృష్ణా దగ్గర దిగువ రాష్ట్రం. శ్రీశైలం జలాశయం నుంచి ఎత్తిపోసిన నీటిని రాయలసీమ మీదుగా తెచ్చే హంద్రీ-నీవా పథకపు కాలువలు మదనపల్లె, పుంగనూరు ప్రాంతాలను దాటి కుప్పం దాకా సాగాయి. 2025 ఆగస్టులో కుప్పం శాఖా కాలువ ద్వారా పరమసముద్రం చెరువుకు కృష్ణా జలాలు చేరాయి. ఆ కృష్ణా జలాల కోసమే, ఆల్మట్టి ఆనకట్ట ఎత్తుపై అభ్యంతరంతో ఆంధ్రప్రదేశ్ 1997లో ఇదే 131వ అధికరణం కింద కర్ణాటకపై సుప్రీంకోర్టులో దావా వేసింది. 2000 ఏప్రిల్ 25న దానిపై తీర్పు వెలువడింది. ఆ తరువాత కృష్ణా జలాల వివాదాన్ని విచారించిన బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ 2010 డిసెంబరులో ఆల్మట్టిలో 524.256 మీటర్ల వరకు నీరు నిలుపుకోవడానికి కర్ణాటకను అనుమతించినప్పుడూ ఆంధ్రప్రదేశ్ దిగువ రైతు నష్టాన్నే ప్రధానంగా వినిపించింది. అంటే కుప్పం రైతు పొలానికి ఒక గట్టున కాలువ ద్వారా వచ్చే నీటి విషయంలో రాష్ట్రం దిగువ హక్కులను ఆశ్రయిస్తున్నది, మరొక గట్టున నదిగా వెళ్లిపోయే నీటి విషయంలో ఎగువ హక్కులను ఆశ్రయిస్తున్నది.

ఈ లేఖ చెప్పదలచిన ప్రధాన విషయం ఇక్కడే ఉన్నది. ఒక ప్రభుత్వం తన ప్రజల కోసం రెండు చోట్లా రెండు వాదనలు చేయడంలో తప్పు లేదు, న్యాయవాది వృత్తి ధర్మమూ అదే. కానీ విశ్వవిద్యాలయం పని వేరు. ఆల్మట్టి దగ్గర అన్యాయమనిపించినది గణేశపురం దగ్గర న్యాయమెలా అవుతుందో, లేదా ఆ రెండింటి మధ్య నిజమైన భేదం ఏమిటో, ఏ సూత్రాన్ని ఒప్పుకుంటే రెండు చోట్లా తలెత్తుకొని నిలబడవచ్చో శోధించవలసిన స్థలం తరగతి గది. ఎగువన ఉన్నప్పుడూ దిగువన ఉన్నప్పుడూ ఒకే విధంగా అంగీకరించగల నియమాన్ని వెతకడమే అంతర్జాతీయ, తులనాత్మక న్యాయ అధ్యయనానికి పరమ ప్రయోజనం.

ప్రపంచం ఆ నియమాన్ని ఎలా వెతికిందో చూస్తే ఈ వాదన మరింత స్పష్టపడుతుంది. 1895లో రియో గ్రాండే నదీజలాలపై మెక్సికో ఫిర్యాదు చేసినప్పుడు, అమెరికా అటార్నీ జనరల్ జడ్సన్ హార్మన్ తన నేలపై పారే నీటిని ఎలా వాడుకున్నా ఎగువ దేశానికి అంతర్జాతీయ న్యాయంలో అడ్డు లేదని అభిప్రాయం ఇచ్చాడు. హార్మన్ సిద్ధాంతంగా పేరొందిన ఆ అభిప్రాయాన్ని అమెరికాయే ఆచరణలో నిలుపుకోలేదు. 1906లో మెక్సికోకు నీటి వాటా ఇస్తూ ఒప్పందం చేసుకున్నది. అమెరికా రాష్ట్రాల మధ్య తగవుల్లోనూ, 1907 నాటి కాన్సస్-కొలరాడో కేసు మొదలుకొని, ఆ దేశపు సుప్రీంకోర్టు ఏ రాష్ట్రానికీ సంపూర్ణ హక్కు లేదనీ, అవసరాలను తూచి సమన్యాయంగా పంచాలనీ నిర్ణయిస్తూ వచ్చింది. ఎగువవారి సంపూర్ణ స్వేచ్ఛ, దిగువవారి సంపూర్ణ వీటో అనే రెండు కొసలూ నిలబడలేదన్నది ఈ చరిత్ర చెప్పే మొదటి పాఠం.

రెండవ పాఠం 1957 నాటి లాక్ లానూ మధ్యవర్తిత్వ నిర్ణయంలో ఉన్నది. పిరనీస్ పర్వతాల్లోని ఒక సరస్సు నీటిని విద్యుదుత్పత్తికి మళ్లించాలని ఫ్రాన్స్ తలపెట్టగా, తన ముందస్తు అనుమతి లేనిదే ఆ పని చేయరాదని స్పెయిన్ పట్టుబట్టింది. దిగువ దేశంతో చిత్తశుద్ధితో సంప్రదించి, దాని ప్రయోజనాలను గౌరవంగా లెక్కలోకి తీసుకోవడం ఎగువ దేశపు బాధ్యత అనీ, దిగువ దేశం అంగీకరించి తీరాలన్న నియమం మాత్రం లేదనీ మధ్యవర్తులు తేల్చారు. ముందస్తు అనుమతి కావాలన్న 1892 ఒప్పందాన్నీ, సంప్రదింపు చాలునన్న 1957 నిర్ణయాన్నీ పక్కపక్కన పెట్టి చదివిన విద్యార్థికి, ఒప్పందం నుంచి పుట్టే బాధ్యతకూ, ఒప్పందం లేనప్పుడు సాధారణ న్యాయం విధించే బాధ్యతకూ ఉన్న తేడా చెప్పకుండానే బోధపడుతుంది. 1966లో అంతర్జాతీయ న్యాయ సంఘం రూపొందించిన హెల్సింకీ నియమాలు నదీ పరీవాహక ప్రాంతంలోని భౌగోళిక స్థితి, వాతావరణం, పూర్వపు వాడకం, జనాభా అవసరాలు, ప్రత్యామ్నాయ నీటి వనరుల ఖర్చు, వృథా నివారణ వంటి అంశాలను తూచి సమంజసమైన వాటా నిర్ణయించాలన్నాయి. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 1997 మే 21న ఆమోదించిన జలమార్గాల ఒడంబడిక 2014లో అమల్లోకి వచ్చింది. దానిపై జరిగిన ఓటింగులో భారత్ తటస్థంగా ఉన్నది.

ఈ విదేశీ సూత్రాలు భారత న్యాయస్థానాలకు అలంకారాలు కావు. 2018 ఫిబ్రవరి 16న కావేరి జలాలపై తీర్పు ఇస్తూ సుప్రీంకోర్టు హెల్సింకీ నియమాలనూ, వాటి తరువాత 2004లో బెర్లిన్‌లో రూపొందిన నియమాలనూ పరిశీలించి, సమన్యాయమైన పంపకాన్నే ఆధారంగా గ్రహించింది. మద్రాసు, మైసూరుల మధ్య కుదిరిన 1892, 1924 ఒప్పందాలు బలహీన పక్షంపై రుద్దినవి కనుక చెల్లవన్న వాదనను అంగీకరించలేదు. పాలారు దావాలో వాదించబోయే ఏ న్యాయవాది అయినా ఆ తీర్పును తెరవక తప్పదు, ఆ తీర్పును తెరిచినవారు హెల్సింకీ, బెర్లిన్ నియమాలను తెరవక తప్పదు.

పాలారు న్యాయశాస్త్రానికి ఇచ్చిన కానుక అంతటితో ఆగలేదు. దిగువన వెల్లూరు ప్రాంతంలోని తోళ్ల శుద్ధి కర్మాగారాలు వదిలిన వ్యర్థజలాలు ఈ నదినీ, దాని పక్కనున్న సాగునేలలనూ, తాగునీటి బావులనూ పాడుచేసిన విషయంపై 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు భారత పర్యావరణ న్యాయానికి పునాదుల్లో ఒకటి. హాని జరుగుతుందని శాస్త్రం పూర్తిగా రుజువు చేసేదాకా ఆగకుండా ముందుగానే నివారించాలనే ముందుజాగ్రత్త సూత్రాన్నీ, కలుషితం చేసినవారే బాగుచేసే ఖర్చు భరించాలనే సూత్రాన్నీ 1992 నాటి రియో ప్రకటన వంటి అంతర్జాతీయ పత్రాల నుంచి గ్రహించి, అవి ఈ దేశపు చట్టంలో భాగమేనని ఆ తీర్పు ప్రకటించింది. మూడేళ్లు తిరగకముందే, 1999 జనవరిలో, హైదరాబాదులోని ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణకు సంబంధించిన కేసులో జస్టిస్ ఎం. జగన్నాథరావు ఆ సూత్రాలను విస్తరించి, హాని లేదని రుజువు చేసే భారం పరిశ్రమ పెట్టదలచినవారిదేనని వివరించారు. వెల్లూరు బాధితులకు పూర్తి న్యాయం అందనందున 2025 జనవరిలో సుప్రీంకోర్టు మళ్లీ ఆ నది విషయంలో ఆదేశాలు ఇవ్వవలసి వచ్చింది. ఒక అంతర్జాతీయ సూత్రం దేశీయ చట్టమైన తరువాత కూడా నేలమీద అమలు కావడానికి ఎన్నేళ్లు పడుతుందో తెలుసుకోవడానికి పాలారు గట్టు వెంట నడవడం కన్నా మంచి అధ్యయనం లేదు.

రెండవ వివాదం నీటిది కాదు, బిడ్డలది. దాని మూలాలు మదనపల్లెలో ఉన్నాయి. రెండు దేశాల పౌరుల మధ్య, లేదా రెండు దేశాల్లో నివసించే కుటుంబ సభ్యుల మధ్య తగవు వచ్చినప్పుడు ఏ దేశపు కోర్టుకు విచారణాధికారం ఉంటుంది, ఏ దేశపు చట్టం వర్తిస్తుంది, ఒక దేశపు తీర్పును మరొకటి ఎప్పుడు గుర్తించాలి అన్న మూడు ప్రశ్నలకు జవాబు చెప్పే శాఖను ప్రైవేటు అంతర్జాతీయ న్యాయం అంటారు. 1895లో మదనపల్లెలో జన్మించిన తత్త్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి విషయంలో మొదటి ప్రశ్న ప్రధానంగా తలెత్తింది. రెవెన్యూ శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసిన ఆయన తండ్రి నారాయణయ్య 1909లో మద్రాసులోని అడయారుకు మారి, 1910 మార్చిలో కృష్ణమూర్తి, నిత్యానంద అనే ఇద్దరు కుమారుల సంరక్షణను దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షురాలు అనీబిసెంటుకు లిఖితపూర్వకంగా అప్పగించారు. 1912లో ఆమె వారిని చదువు కోసం ఇంగ్లండు తీసుకువెళ్లగా, తండ్రి ఆ అప్పగింతను రద్దు చేసుకొని బిడ్డలను తిరిగి ఇప్పించాలని చెంగల్పట్టు జిల్లా కోర్టులో దావా వేశారు. మద్రాసు హైకోర్టుకు బదిలీ అయిన ఆ దావాలో తండ్రి పక్షాన సి.పి. రామస్వామి అయ్యరు వాదించగా, అనీబిసెంటు తన వాదన తానే వినిపించారు. 1913లో హైకోర్టు తండ్రి పక్షాన తీర్పు చెప్పింది, అప్పీలులోనూ ఆయనే నెగ్గారు.

1914 మేలో లండనులోని ప్రీవీ కౌన్సిల్ ఆ తీర్పును తలకిందులు చేసింది. బిడ్డల సంరక్షణను తండ్రి మరొకరికి అప్పగించినా, ఆ అప్పగింతను ఉపసంహరించుకునే హక్కు ఆయనకు ఉంటుందని అంగీకరిస్తూనే, 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ప్రకారం మైనరు సాధారణంగా నివసించే జిల్లాలోని కోర్టుకే విచారణాధికారం ఉంటుందనీ, ఇంగ్లండులో ఉంటున్న బిడ్డలపై చెంగల్పట్టు కోర్టుకు ఆ అధికారం లేదనీ, బిడ్డల తరఫు మాట వినకుండా, వారి క్షేమాన్ని విచారించకుండా వారిని సముద్రం దాటించి తెమ్మని ఆదేశించడం తగదనీ నిర్ణయించింది. తండ్రి కోరుకుంటే ఇంగ్లండు హైకోర్టును ఆశ్రయించవచ్చని చెప్పి దావాను కొట్టివేసింది. సామ్రాజ్యపు రాజధానిలో కూర్చున్న న్యాయస్థానం వలస దేశపు తండ్రిని సామ్రాజ్య కేంద్రపు కోర్టుకే వెళ్లమనడంలో ఉన్న అధికార భేదాన్నీ, అదే తీర్పులో బిడ్డ క్షేమానికి దక్కిన గుర్తింపునూ రెండింటినీ చూడగలిగిన విద్యార్థి ఒక తీర్పును ఎలా చదవాలో నేర్చుకున్నట్టే.

ఆ చట్టమూ, సాధారణ నివాసమన్న ఆ కొలబద్దా నేటికీ అమల్లోనే ఉన్నాయి. ఒక తల్లి లేదా తండ్రి బిడ్డను అక్రమంగా మరో దేశానికి తీసుకువెళ్లినప్పుడు, ఆ బిడ్డను అలవాటైన నివాస దేశానికి వెంటనే పంపి, సంరక్షణ తగవును అక్కడి కోర్టు తేల్చేలా చూడాలన్నది 1980 నాటి హేగ్ ఒడంబడిక సారాంశం. వందకు పైగా దేశాలు చేరిన ఆ ఒడంబడికలో భారత్ చేరలేదు. చేరాలని లా కమిషన్ 2009లో తన 218వ నివేదికలో సూచించగా, 2016లో సిద్ధమైన ముసాయిదా బిల్లు చట్టం కాలేదు. విదేశాల్లో హింసను భరించలేక బిడ్డతో పుట్టింటికి చేరిన తల్లిని ఆ ఒడంబడిక శిక్షిస్తుందన్న భయం ఒక వైపు, కారణం లేకుండా బిడ్డకు దూరమైన తల్లిదండ్రుల వేదన మరొక వైపు ఉన్నాయి. విడాకుల విషయంలోనూ ఇంతే. తిరుపతిలో పెళ్లి చేసుకున్న ఒక తెలుగు జంటలో భర్త, అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో కొద్దికాలపు నివాసం చూపి, భార్య హాజరు కాని విచారణలో పొందిన విడాకుల డిక్రీని 1991 జులై 9న సుప్రీంకోర్టు గుర్తించ నిరాకరించింది. హిందూ వివాహ చట్టం ఒప్పుకోని కారణంతో, భార్య మనస్ఫూర్తిగా అంగీకరించని విచారణాధికారంతో వచ్చిన విదేశీ డిక్రీ ఇక్కడ చెల్లదని ప్రకటించింది. భారత న్యాయస్థానాల్లో ఈ తీర్పు ప్రస్తావన నేటికీ వస్తూనే ఉంటుంది. ఇక్కడి కోర్టు తీర్పును అక్కడ గౌరవించాలని కోరే సమాజం, అక్కడి తీర్పును ఇక్కడ ఎప్పుడు గౌరవించాలో కూడా అదే కొలతతో చెప్పగలగాలి.

తెలుగువారికి ఈ రంగం పరాయిది కూడా కాదు. కృష్ణా జిల్లాకు చెందిన పి. చంద్రశేఖరరావు హాంబర్గులోని అంతర్జాతీయ సముద్ర న్యాయ ట్రిబ్యునల్ మొదలైన 1996 నుంచి 2017 వరకు న్యాయమూర్తిగా ఉండి, 1999 నుంచి 2002 వరకు దానికి అధ్యక్షత వహించారు. పెమ్మరాజు శ్రీనివాసరావు ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ న్యాయ కమిషన్‌లో దాదాపు రెండు దశాబ్దాలు సభ్యులుగా ఉండి, ఒక దేశంలో చేపట్టే ప్రమాదకర పనుల వల్ల పొరుగు దేశానికి హాని కలగకుండా నివారించే ముసాయిదా నియమాలకు ప్రత్యేక నివేదకులుగా పనిచేశారు. ముందుగా ప్రభావాన్ని అంచనా వేయడం, పొరుగువారికి తెలియజేయడం, వారితో సంప్రదించడం అనే క్రమాన్ని 2001లో ఆ నియమాలు స్పష్టం చేశాయి. ఒక తెలుగు న్యాయవేత్త ప్రపంచ దేశాల కోసం తీర్చిదిద్దిన ఆ క్రమాన్ని తెలుగు నేల మీది పాలారుకు అన్వయించి చూసే అభ్యాసం తెలుగు న్యాయ విద్యాసంస్థల్లో జరగడం ఎంతైనా సముచితం.

ఈ కారణాల వల్ల ఈ లేఖ నాలుగు విన్నపాలు చేస్తున్నది. మొదటిది, మదనపల్లెకు చేరువలో, సముద్రమట్టానికి 1,200 మీటర్లకు పైగా ఎత్తులో, మూడు రాష్ట్రాల విద్యార్థులకూ అందుబాటులో ఉన్న హార్స్లీ హిల్స్‌పై ఏటా ఒక శిబిరం నడపాలి; ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు న్యాయ విద్యార్థులను సమాన సంఖ్యలో పిలిచి, ఏ రాష్ట్రం విద్యార్థికీ సొంత రాష్ట్రపు పక్షం ఇవ్వకూడదన్న నియమంతో మూట్ కోర్టు పెట్టాలి. రెండవది, వాదనకు ముందు విద్యార్థులు కుప్పం చెక్‌డ్యాముల వద్దా, దిగువన వాణియంబాడి, ఆంబూరు ప్రాంతాల్లోనూ రైతులతో, ఇంజనీర్లతో మాట్లాడి, నీటి లెక్కలు స్వయంగా రాసుకోవాలి. మూడవది, 1892 ఒప్పందం, 1914 నాటి ప్రీవీ కౌన్సిల్ తీర్పు, లాక్ లానూ నిర్ణయం, 1996 నాటి వెల్లూరు తీర్పు, కావేరి తీర్పులోని ముఖ్యభాగాలను తెలుగు, కన్నడ, తమిళ భాషల్లోకి తెచ్చి వివరణలతో ప్రచురించాలి; 1997లో పొరుగు రాష్ట్రాల సహకారంతో ద్రావిడ భాషా సంస్కృతుల అధ్యయనానికే ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం ఈ బాధ్యతకు అన్ని విధాలా తగినది. నాలుగవది, విదేశీ విడాకులు, దేశాంతర సంరక్షణ తగవుల్లో చిక్కుకున్న కుటుంబాలకు ప్రాథమిక సలహా ఇచ్చే న్యాయ సహాయ కేంద్రాన్ని మదనపల్లెలో, న్యాయ సేవాధికార సంస్థతో కలిసి, అధ్యాపకుల పర్యవేక్షణలో నడపాలి.

ఈ పనులకు పాఠ్యప్రణాళిక అడ్డు రాదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో రూపొందించిన న్యాయవిద్య నియమాలు అంతర్జాతీయ న్యాయాన్నీ, మూట్ కోర్టు అభ్యాసాన్నీ తప్పనిసరి చేశాయి; శిబిరంలో చేసిన పనికి ఆ అంశాల కిందనే మార్కులు ఇవ్వవచ్చు. కోర్టు పరిశీలనలో ఉన్న దావాపై చర్చ తగదన్న సందేహం రావచ్చు. తీర్పును ప్రభావితం చేసే ప్రచారానికీ, రెండు పక్షాల వాదనలనూ సమంగా పరిశీలించే విద్యాభ్యాసానికీ భేదం స్పష్టంగా ఉన్నది, అవసరమైతే పేర్లూ, లెక్కలూ మార్చి సమస్యను కూర్చవచ్చు. విదేశీ పోటీల్లో పతకాలు తెచ్చే విద్యార్థుల సమయాన్ని ఇది తినివేస్తుందన్న అభ్యంతరమూ వినిపించవచ్చు. కానీ ఆ పోటీల్లో న్యాయనిర్ణేతలు వెతికేది నిజమైన వివాదంతో తలపడిన అనుభవాన్నే కనుక, ఈ శిబిరం ఆ పోటీలకు సన్నాహమే అవుతుంది. పైగా విదేశాలకు వెళ్లే అవకాశం ప్రతి జట్టులో కొద్దిమందికే దక్కుతుంది. మదనపల్లెకు, కుప్పానికి రావడానికి పాస్‌పోర్టు అక్కరలేదు, మండల కేంద్రం నుంచి వచ్చిన మొదటి తరం విద్యార్థికి కూడా ఆ తలుపు తెరిచే ఉంటుంది. కర్నూలు జిల్లాలోని పేద దళిత కుటుంబం నుంచి వచ్చి, మద్రాసులో న్యాయశాస్త్రం చదివి, 1960లో రాష్ట్ర ముఖ్యమంత్రి అయిన దామోదరం సంజీవయ్య పేరు పెట్టుకున్న విశ్వవిద్యాలయానికి ఈ విషయం వేరుగా చెప్పనవసరం లేదు.

నదీజలాల తగవులు రాజకీయ వేదికల మీద ఆవేశాలుగా మారుతున్న కాలంలో, రెండు పక్షాల పత్రాలనూ చదివి, రెండు ఒడ్ల రైతులనూ చూసి, రెండింటికీ వర్తించే సూత్రాన్ని వెతకడం నేర్చుకున్న యువ న్యాయవాదుల అవసరం మూడు రాష్ట్రాలకూ ఉన్నది. రేపు ట్రిబ్యునళ్ల ముందు వాదించేవారూ, ప్రభుత్వాలకు ఒప్పందాలు రాసిపెట్టేవారూ, కుటుంబ న్యాయస్థానాల్లో బిడ్డల భవిష్యత్తును నిర్ణయించేవారూ వీరే. వచ్చే విద్యాసంవత్సరంలోనే తొలి శిబిరాన్ని ప్రారంభించి, పాలారు దావానే దానికి తొలి అంశంగా స్వీకరించాలనీ, ఆ వాదనలో తమిళనాడు పక్షాన ఆంధ్ర విద్యార్థులను, ఆంధ్రప్రదేశ్ పక్షాన తమిళ విద్యార్థులను నిలపాలనీ ఈ లేఖ రెండు విశ్వవిద్యాలయాలనూ సవినయంగా కోరుతున్నది.

ఇట్లు
న్యాయవిద్య శ్రేయోభిలాషి